తోడేళ్ల గుంటలోంచి లాగిన మనిషి

"...కాదు కాదు, బావి కాదు. గుంట. తోడేళ్ల గుంట. రా అచే, రా అక్కా, తలుపేసెయ్, మంచు లోపలికి కొడుతోంది. అదిగో, పొయ్యి పక్కన కూర్చో. మోటుప్ సంగతే చెప్తున్నా. మొదట్నుంచీ చెప్తాలే."

మన వాగు మలుపులో ఉంది చూడు, అదే. కింద వెడల్పు, పైకొచ్చే కొద్దీ ఇరుకు... కూజాలాగా రాళ్లతో కట్టేశారు. వెనకటికి లోపల మేకను కట్టేసేవాళ్లు. తోడేలు ఆశపడి దూకేది. దూకడమే – మళ్లీ ఎక్కడం లేదు. తెల్లారాక ఇంటికొకరు వచ్చి, ఇంటికొక రాయి వేసేవాళ్లు. నేను వెయ్యనంటే కుదరదు. ఊరి పని మరి.

ఆ పని మానేసి పాతికేళ్లయింది. అయినా ఆ చోటు మంచిది కాదంటారు. గొర్రెల్ని అటు తోలితే రెండు పాయలుగా చీలి, చుట్టు తిరిగి పోతాయి. పొద్దు వాలాక అక్కడ ఆగకూడదు. ఎందుకూ అని అడిగామనుకో... పెద్దవాళ్లు "టీ పోసుకో" అంటారు. అంతే.

మోటుప్‌కి ఇదంతా తెలుసు. తెలిసే చేశాడు, పాపం.

చలికాలం వచ్చే అతిథులకి షాన్‌ని, అదే మంచు చిరుతని, చూపించడం మోటుప్ పని. ఆ పని నేర్పింది ఇషే తాత, మనమంతా 'మేమే' అని పిలుస్తాం చూడు, ఆయన. ముసలాయనకి ఒకటే మాట – "చిరుత కనపడకపోయినా పర్లేదురా, అతిథి కనపడాలి." అతిథిని కళ్ల ముందు నుంచి వదలకూడదు. ఎప్పుడూ.

పూణే నుంచి పరాంజపే సార్ అని వచ్చేవాడు. ఈయనా ముసలాయనే. మూడు చలికాలాలొచ్చాడు. అడుగుల గుర్తులు చూశాడు, పెంట చూశాడు, చిరుతని మాత్రం చూళ్లేదు.

ఆ మూడో చలికాలం, ఓ రోజు మధ్యాహ్నం మూడింటికి, ఇద్దరూ వాగు మలుపులో ఉండగా వాకీటాకీలో ఇషే మేమే గుసగుస వినిపించింది. "ఎర్ర కొండ మీద పడుకునుంది. మీ వైపు నుంచి కనపడదు. గట్టెక్కాలి."

సార్ గట్టు వంక చూశాడు. తన మోకాళ్ల వంక చూసుకున్నాడు.

"నువ్వెళ్లి చూసి రా మోటుప్. ఇటు దిగేట్టుంటే వచ్చి చెప్పు."

"మేమే తిడతాడు సార్."

"ఆయనకి చెప్పేదెవరు? నేనైతే చెప్పను. వచ్చే ఏడు ఈ మోకాళ్లు నన్ను ఇక్కడిదాకా తేవయ్యా."

ఆ మాటకి మోటుప్ కరిగిపోయాడు. గాలి కోసేస్తోంది. గాలికి అడ్డంగా ఉన్నది ఒక్క ఆ గుంట గోడే. సార్‌ని దాని పక్కనే కూర్చోబెట్టి, మూడుకాళ్ల దుర్భిణి ముందు నిలబెట్టి, టీ ఫ్లాస్కు చేతిలో పెట్టాడు.

"అరగంట సార్. కదలొద్దు."

గట్టు మీదుండగా మంచు పట్టుకుంది. ముందు చెయ్యి కనపడలేదు, తర్వాత దారి కనపడలేదు. అరగంట కాస్తా రెండు గంటలైంది.

దిగొచ్చేసరికి మసక చీకటి. దుర్భిణి నిలబెట్టినట్టే ఉంది. ఫ్లాస్కు ఉంది. సార్... లేడు.

అడుగులు గోడ వెనక్కి వెళ్లాయి. వెనక తోడేలు ఎక్కడానికి కట్టిన రాళ్ల ఏటవాలు ఉందిగా – దాని మీదుగా పైకెక్కాయి. పైనుంచి బాగా కనపడుతుందనుకున్నాడేమో. గుంట నోటి మీద మంచు గడ్డకట్టి నేలలాగే ఉంటుంది. ఇప్పుడు దాని మధ్యలో... నల్లగా ఒక కంత.

"సార్..."

పలకలేదు. ఊపిరి మాత్రం వినపడింది. ఒకటి కాదు.

టార్చి వేశాడు. రెండు పచ్చటి కళ్లు.

మోటుప్ పుట్టి బుద్ధెరిగి తోడేలు మీద రాయి వెయ్యలేదు. వేసింది వాళ్ల నాన్న. అయినా చెయ్యి దానంతటదే వెతుక్కుంది... పెద్ద రాయి. ఎత్తాడు.

"వద్దు..." కింద నుంచి గొంతు, మూలిగినట్టు. "రాయి వద్దు మోటుప్. అది నన్నేం చెయ్యలేదు."

రాయి వదిలేశాడు. టార్చి చుట్టూ తిప్పాడు. గోడకి ఆనుకుని సార్. ఎదురు గోడకి అతుక్కుని తోడేలు – తోక ముడిచి, పొట్ట నేలకి ఆనించి, గజగజా వణికిపోతోంది. వెలుగు కళ్లలో పడ్డా పైకి చూడదు. సార్ వంకా చూడదు. సార్‌కి ఎడంపక్కన, మూరెడు దూరంలో... అక్కడే చూస్తోంది.

అక్కడ ఏమీ లేదు. ఉత్త మంచు.

మోటుప్ నడుంకట్టు విప్పి, సంచి పట్టీకి ముడేసి దించాడు. సార్ బరువైన మనిషి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అయినా తేలిగ్గా వచ్చేశాడు... కింద నుంచి ఎవరో ఎత్తి అందించినట్టు.

తోడేలా? దానికేం కాలేదు అచే. మర్నాడు దుంగ దించితే ఎక్కి పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

ఆ రాత్రి ఇషే మేమే వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు సార్‌ని. మేమే మోటుప్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, సార్ చేతొడుగులు విప్పాడు. కుడి చేతి వేళ్ల కొనలు తెల్లగా చచ్చుపడి ఉన్నాయి. ఎడమ చెయ్యి మాత్రం... అప్పుడే పెనం మీద నుంచి తీసిన రొట్టెలా వెచ్చగా ఉంది.

మేమే తిట్టడం ఆపేశాడు. మోటుప్ వంక చూశాడు.

సార్ ఉప్పు టీ మూడు గిన్నెలు తాగాడు. తాగుతున్నంతసేపూ తలుపు వంకే చూపు. ఎవరో రావాల్సి ఉన్నట్టు. ఆఖరికి గిన్నె కింద పెట్టి, మెల్లగా, ఎవరి మనసూ నొప్పించకుండా అడిగాడు. మోటుప్ ఆ మాట ఈరోజుకీ అక్షరం పొల్లుపోకుండా చెప్తాడు –

"నన్ను తీశావు, సంతోషం. మరి నా ఎడంపక్క కూర్చున్నాయన్ని ఎప్పుడు తీస్తావు మోటుప్?"