తుంగమడుగు లెక్క

ఉదయం ఎనిమిదింటికి కొల్లేటి అంచున ఉన్న గోపురం నుంచి కంటితూనీగలు లేచాయి. ఉక్కు రెక్కలు, గాజు కళ్లు, వేలెడంత ఒళ్లు. పదకొండేళ్లుగా జిల్లాలో ఏ ప్రాణి ఎక్కడుందో లెక్క చెప్పేవి అవే. ఆ లెక్క పేరు జీవపటం. అది వచ్చాక, మనిషి కంటితో చూసి చెప్పిన మాటను ఏ కార్యాలయమూ తీసుకోవడం లేదు.

వాటి కిందే, తుంగమడుగులో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, కస్తూరి పాత కెమెరాలోంచి ఒక తూనీగల జంటను చూస్తోంది. ఆమె జంతుశాస్త్రం చెప్పి రిటైరైన టీచరు. ఆడది తోక చివరను నీటికి తాకిస్తూ గుడ్లు పెడుతోంది. ఎర్రటి మగది దాని మీదే గాలిలో నిలిచి కాపలా కాస్తోంది. కస్తూరి ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

"పడిందాండి?" దోనె పట్టుకున్న ఏసుపాదం అడిగాడు. మడుగు గట్టునున్న జాలర్ల పేట అతనిది.

"పడింది. ఇది నలభై ఒకటోది."

తూనీగ బతికే నీటిని పూడ్చకూడదని చట్టం. తుంగమడుగులో తూనీగలు సున్నా అని నిన్న జీవపటం తేల్చింది. సోమవారం నుంచి మట్టి పోస్తారు.

ఆ మధ్యాహ్నమే కస్తూరి జీవగణన కార్యాలయానికి వెళ్లింది. అధికారి లోహిత ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది.

"చాలా బాగా తీశారండి. కానీ వీటికి జీవపటం ముద్ర లేదు."

"తూనీగకు ముద్ర ఎందుకమ్మా? రెక్కలున్నాయి, చాలదా?"

"పద్ధతి అదండి."

పక్కన కూర్చున్న సాంకేతిక సహాయకుడు సుభానీకి ఏదో అనుమానం వచ్చింది. అదే చోట కంటితూనీగలు తీసిన బొమ్మలను తెర మీదికి తెచ్చాడు. ఎర్ర తూనీగ స్పష్టంగా ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'తోటి యంత్రం. లెక్క నుంచి తొలగించడమైనది.'

"ఇవి ఒకదాన్నొకటి లెక్కపెట్టుకోకూడదని, తమలా కనిపించేదాన్ని వదిలేయమని రాశారు మేడం," సుభానీ గొంతు తగ్గించి అన్నాడు. "అసలు తూనీగల్ని కూడా వదిలేస్తున్నాయి."

"ఎప్పట్నుంచి?" లోహిత అడిగింది.

"మొదట్నుంచీ."

కస్తూరి తెర దగ్గరికి జరిగింది. "ఈ పదకొండేళ్లలో ఎన్ని మడుగులు పూడ్చారు?"

లోహిత తెర మీద పాత లెక్కలు తెరిచింది.

"యంత్రం అద్దంలో తన మొహం చూసుకుని ఎవరూ లేరంది. మీరు సంతకం పెట్టారు. ఒక్కరంటే ఒక్కరు వచ్చి నీళ్లలో కాలు పెట్టలేదు."

లోహిత తెర ఆపేసింది. "శనివారం వస్తానండి. నా కంటితో చూస్తే పనులు ఆపించే అధికారం ఇంకా నాకుంది."

ఆ సంతోషంలో కస్తూరి తిరిగి రాగానే ఏసుపాదంతో అంది: "శనివారం అధికారిగారే వస్తున్నారు. పేటలో అందరికీ చెప్పు." ఎందుకొస్తున్నారో చెప్పడం మరిచింది.

శనివారం పది గంటలకు తుంగమడుగు మీద ఒక్క రెక్క ఆడలేదు. కస్తూరి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచింది. తుంగ దుబ్బులు విడదీసి చూసింది. లోహిత చెప్పులు చేత పట్టుకుని, నీళ్లలో నిలబడి, చాలాసేపు ఎదురుచూసింది.

అప్పుడు ఏసుపాదం భార్య సువార్తమ్మ చంకలో బుట్టతో నవ్వుతూ వచ్చింది.

"మీకు మాట రాకుండా చూసుకున్నామండి, అమ్మగారూ. ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆమె బుట్ట మీద గుడ్డ తీసింది. నిండా తూనీగలు. ఎర్రవి, పసుపువి, నీలివి.

పేటలో ఎవరు తుంగ కోసినా, నిషేధం రోజుల్లో ఎవరు వల వేసినా కంటితూనీగలు చెప్పేసేవి. అందుకే ఆ రెక్కలు కనబడితే చాలు, పేట చీపురు ఎత్తేది. కస్తూరి ఫోటోలు తీసేదీ వాటినే అని ఏసుపాదం అనుకున్నాడు. ఈసారి అధికారే వస్తోందని విని, ఆమె ముందు అవి అమ్మగారి మీదా పేట మీదా ఏదీ చెప్పకూడదని, తెల్లవారకముందే అందరూ మడుగులోకి దిగారు. ఆ వేళ తూనీగలు మంచుకు తడిసి తుంగకు అంటుకుని ఉంటాయి. ఎగరలేవు. ఎనిమిదింటికి గోపురం నుంచి మడుగు మీదికి వచ్చినవాటినీ కొట్టేశారు.

లోహిత మోకాళ్ల మీద కూర్చుని బుట్టలో వెతికింది. మూడు ఉక్కువి దొరికాయి. వాటిని రుమాలులో చుట్టింది.

"ఇవి ప్రభుత్వ ఆస్తి. కేసు రాయాలి."

"మిగతావి?" కస్తూరి అడిగింది.

"చచ్చినవి జీవగణనలోకి రావండి. బతికున్నది కనబడలేదనే రాయాలి."

"రాయండి. ఆ కిందే ఇది కూడా రాయండి. పురుగు రూపం దొంగిలించి మీ నిఘాకు తొడిగారు. ఇళ్ల మీదికి తోలారు. ఆ పగ ఈ నోరులేనివాటి మీద పడింది. కేసు వీళ్ల మీద కాదు, మీ మీద పడాలి."

లోహిత తల దించుకుని చెప్పులు తొడుక్కుంది. రుమాలు మాత్రం వదల్లేదు.

ఆమె బండి వెళ్లిపోయాక సువార్తమ్మ బుట్టలోంచి ఒకదాన్ని తీసింది. వేళ్ల మధ్య రెక్క చిరిగింది. ఒళ్లు మెత్తగా నలిగింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఇందులో తీగలు లేవేంటండి?"

"అది పురుగు, సువార్తమ్మా. ప్రాణమున్న పురుగు. చిన్నప్పుడు చూళ్లేదా?"

సువార్తమ్మ గట్టు మీద చతికిలబడింది. 

"చూశానండి. మర్చిపోయాను. కనబడితే కొట్టమని నా పిల్లలకి నేనే నేర్పానండి."