పూజలోంచి తెచ్చిన గొలుసు

విశ్వకర్మ పూజ రోజున కలకత్తాలో సుత్తి చప్పుడు వినబడదు. పనిముట్లన్నీ కడిగి, సింధూరం పెట్టి, బొమ్మ ముందు పేర్చేస్తారు. మర్నాటి దాకా వాటి జోలికి ఎవరూ పోరు. జనమంతా డాబాలెక్కి గాలిపటాలు ఎగరేసుకుంటారు. గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టేవాడికైనా, సైకిల్ పంక్చర్లు వేసేవాడికైనా ఆరోజు సెలవే. నాకు తీరిగ్గా చేతికి చిక్కిన సెలవూ అదే. అందుకని నా ఎర్ర ఎం.జి. కారు ఇంజను ఆరోజే దించేయాలని కూర్చున్నాను.

రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. దొరల కాలం నాటిది. ఇంజను బిగుసుకుపోయి మా పెరటి షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉంది. తడిబట్టలు ఆరేసుకోడానికి తప్ప దేనికీ పనికిరాదని నా భార్య లిల్లీ రోజూ సాధించేది.

ఇంజను లేపాలంటే గొలుసు కప్పీ కావాలి. సందు చివరి వర్క్‌షాపులో ఒకటుంది. అడుగుదామంటే అక్కడివాళ్ళంతా ఖిచిడీ తినేసి డాబా మీదున్నారు. బొమ్మ ముందున్న కప్పీని నేనే భుజాన వేసుకున్నాను. కొక్కేనికి బంతిపూల దండ ఉంటే తీసేశాను. గొలుసు నిండా సింధూరం. చేయి జారుతుందని గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను.

దారిలో పక్కింటి కామాక్షమ్మ చూడనే చూసింది.

"ఏటి బాబూ, పూజలో ఉన్నదాన్ని ఎత్తుకొచ్చేస్తన్నావు? ఈయేల దాన్ని పన్లో పెట్టకూడదు. ఒగ్గేయ్."

"మేం ఏసు బిడ్డలం అత్తా. మాకా పట్టింపుల్లేవు," అన్నాను విసుగ్గా.

నా బావమరిది యెషయాని సాయం రమ్మన్నాను. మర్నాడు పొద్దున్నే రేవులో వాడికి పరీక్ష. కూత పనికి. ఓడలోంచి సరుకు లేపేటప్పుడు 'హబీస్' అని అరిస్తే పైకి, 'ఆరియా' అంటే కిందికి. క్రేను నడిపేవాడు సరుకు వంక చూడడు, కూత మాత్రమే వింటాడు. అలా కూతపెట్టేవాడిది పర్మనెంటు ఉద్యోగం. కూలీగా మూటలు మోసి మోసి నడుం వంగిపోయిన యెషయాకి దేవుడిచ్చిన ఆస్తి ఆ గొంతొక్కటే. చర్చిలో వాడు కీర్తన ఎత్తుకుంటే వీధిలో రిక్షాలు ఆగేవి. మా అత్తారింటి ఆశలన్నీ ఆ గొంతు మీదే ఉన్నాయి.

"పరీక్షకి ముందు కాస్త సాధన చేసినట్టుంటాది బావా," అని వాడు సంతోషంగా వచ్చాడు.

ఆ ఇంజను మా తలప్రాణం తోకకి తెచ్చింది. ఒక్క బోల్టు తిన్నగా ఊడితే ఒట్టు. తుప్పు. కిరసనాయిలు పోశాం, సుత్తితో కొట్టాం, బండబూతులు తిట్టాం. నా వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. రేడియేటరు తీశాం, సైలెన్సరు గొట్టం విప్పాం, గేర్‌బాక్సు బోల్టులు కోసేశాం. గొలుసు బిగించి లాగితే ఇంజను జానెడు లేచి ఆగిపోయింది. గేర్‌బాక్సు దగ్గర ఎక్కడో పట్టేసింది. గాలిపటం తెగినప్పుడల్లా డాబాల మీద కుర్రకారు 'భో కాట్టా' అని కేకలు పెడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"కిందికి దూరి చూడరా," అన్నాను.

యెషయా వెల్లకిలా కారు కిందికి జారాడు. నేను రేవు పద్ధతిలో వెనక్కి తిరిగి గొలుసు పట్టుకున్నాను.

"హబీస్!" కింద నుంచి యెషయా కూత. లాగాను. కదల్లేదు. "ఆరియా!" దించాను. మళ్ళీ లేపాను. మళ్ళీ దించాను. పొద్దువాలిపోయింది. అంతలో కరెంటు పోయింది. లోడ్‌షెడ్డింగ్. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గాలిపటాల కేకలు కూడా ఒక్కసారిగా ఆగిపోయాయి.

చీకట్లో కాసేపు ఏమీ వినబడలేదు.

తర్వాత కింద నుంచి... "హబీస్."

లాగాను. ఇంజను దూదిలా లేచింది! పగలంతా మొండికేసిన ఇంజను. నా ఆనందం అంతా ఇంతా కాదు.

"హబీస్."

లాగాను. ఎక్కడి నుంచో ధూపం వాసన. మా ఇంట్లో సాంబ్రాణి వెయ్యం. ఆ వాసన కారు కింద నుంచే వస్తోంది.

"హబీస్..."

"చాల్లేరా, బయటికొచ్చేయ్," అన్నాను.

"హబీస్..."

అదే గొంతు. కానీ మధ్యలో ఊపిరి తీసుకోవడం లేదు...

నా అరచేతులు తడిగా జిగటగా తగిలాయి. చెమటనుకున్నాను.

వంటింటి గుమ్మంలో వెలుగు కనబడింది. లిల్లీ లాంతరు పట్టుకుని వచ్చింది. ఆమె వెనకాలే తుండుతో మొహం తుడుచుకుంటూ... యెషయా.

"కంట్లో తుప్పు పడిందని కరెంటు పోగానే ఎల్లొచ్చీసాడు. నీళ్ళతో కడిగాను. ఇంకెవుల్ని పెట్టుకుని లాగతన్నావు?" అంది లిల్లీ.

నేను గొలుసు వదిలేశాను. లాంతరు వెలుగులో నా చేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. సింధూరం. నేను తుడిచేసిన సింధూరం.

"యెషయా," గుసగుసగా పిలిచాను. "ఏదీ, మాటాడు..."

వాడు నా వంక అయోమయంగా చూశాడు. పెదవులు కదిపాడు.

"ఏటి బావా?"

ఆ మాట కారు కింద నుంచి వచ్చింది.

లిల్లీ లాంతరు చప్పున కింద పెట్టి, తమ్ముడి గొంతు రెండు చేతులతో పట్టుకుంది. "రేపు పరీక్షరా... రేపు పొద్దున్నే పరీక్ష... అక్కా అనరా. ఒక్కపాలి అక్కా అను..." వాడు అన్నాడు. నోరంతా తెరిచి అన్నాడు. 'అక్కా' అన్న పిలుపు కారు కింద నేలకి తగిలి మాకు వినబడింది.

వంగి చూశాను. అక్కడ ఎవరూ లేరు. నూనె మరక, కోసేసిన బోల్టులు... అంతే.

యెషయా రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. భుజాలు అదిరిపోయేలా ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు. మూసిన చేతుల వెనక వాడి దవడ కూడా కదలడం లేదు.

"హబీస్," అంది కింద గొంతు.

నేను గొలుసుకి బారెడు దూరంలో ఉన్నాను. ఇంజను పైకి లేస్తోంది...