కారుగల్లు గడప

నల్లరాయిని మనుషులు దేనికి దేనికి వాడతారు? చెప్పండి చూద్దాం, ఒకరి తరవాత ఒకరు. రోలు. బాగుంది. వంటగట్టు. సరే. గుళ్లో విగ్రహం. అదీ సరే. కారుగల్లు రాజు ఆ రాతితో ఏం చేశాడో వినండి. 'కారు' అంటే నలుపు, 'కల్లు' అంటే రాయి. ఆ కోటకు పేరు రాతినుంచే వచ్చింది.

మండువేసవి మధ్యాహ్నాన శత్రుసేనల గుడారాలు దిగంతం దాకా పరచుకొని ఉండగా, వారు విసిరిన రాతిగుండ్లు పడిన చోటల్లా ధూళి మేఘమై లేస్తుండగా, కొండ నెత్తిన కారుగల్లు దుర్గం కాలిన కుండలా నల్లగా, నిశ్శబ్దంగా నిలిచి ఉంది. దుర్గం నడుమ మల్లభూపతి మహారాజు ముచ్చటపడి కట్టించుకొన్న సభామండపం. దాని నేలంతా నల్లరాతి పలకలే. ఇసుకతో, నీటితో, ఆపైన నూనెగుడ్డతో ఏళ్ల తరబడి రుద్దించగా అవి అద్దాలయ్యాయి. సింహాసనం మీది రాజుకు పాదాల దగ్గర మరో రాజు తలకిందులుగా కనిపించేవాడు. ఆ రాజంటే ఈ రాజుకు మహా మక్కువ.

ఆ మధ్యాహ్నమే పడమటి గోడ కూలింది. కూలిన రాళ్లు కొండ కిందికి దొర్లిపోయాయి, గండి పూడ్చడానికి కోటలో వేరే రాయి లేదు. సేనాని పోతమ నాయకుడు రాజు సెలవు కోసం ఆగలేదు. మండపం నేల సగం పెకలించి, ఆ అద్దపు పలకలతోనే గండి పూడ్పించాడు.

కొమ్మన ప్రెగ్గడకు అది గిట్టలేదు. ప్రెగ్గడ అంటే అప్పటి మాటలో మంత్రి. పడమటి గోడ కూలితే ఆ గండిలోంచి రానిస్తానని శత్రువుకు లోపాయికారీగా మాట ఇచ్చినవాడు అతడే.

"మహారాజా! తమ పాదముల కింది నేలను తవ్వినవాడు తమ కంఠము దాకా రాడని నమ్మకమేమి? కోటను శత్రువున కప్పగింపనెంచియే వీడు ముందుగా సింహాసనమును కదిలించినాడు!"

రాజు కిందికి చూశాడు. తలకిందుల రాజు లేడు. వట్టి మన్ను. చాలామటుకు తీర్పు అక్కడే అయిపోయింది.

పోతమ నాయకుడు చేతులు జోడించాడు. "ప్రభూ, నేలను గోడ చేసితిని. గోడ నిలిచినచో నేలను మరల పరచుకొనవచ్చును. కోటయే పోయినచో నేల ఎవరిది? నా తల తమది. గండి దగ్గరి కావలిని మాత్రము తీయింపకుడు."

సాయంత్రం అతని తల తీయించారు. చెబితే చిన్న వాక్యం. జరగడమూ అలాగే జరిగింది.

తొలకరి పడింది. నల్లరాతి గోడ బెసకలేదు. శత్రువు గుడారాలు ఎత్తేసి వెళ్లిపోయాడు. కోటలో ఎవరూ డప్పు కొట్టలేదు, దీపం పెట్టలేదు. అందరూ ఎవరి పనుల్లో వాళ్లున్నారు.

ఆ మౌనం చూసి ప్రెగ్గడకు గుబులు పుట్టింది. పోతమ నాయకుడు పూర్వం గెలిచిన ఒక యుద్ధానికి గుర్తుగా, గుర్రం మీద అతని బొమ్మ చెక్కిన నల్లరాతి ఫలకం ఒకటుండేది. "ద్రోహికి ఫలకమేల? సభామండపమునకు గడపగా వేయింతము, బొమ్మ పైకుండునట్లు. వచ్చువారు, పోవువారు తొక్కుదురు గాక," అన్నాడు. రాజు కానిమ్మన్నాడు.

మర్నాడు ప్రజల మొరలు వినే రోజు. తెల్లవారుతుండగానే, రాజుగారి నగరిలో గడపలు కడిగే పోలి వచ్చి, కొత్త గడపను చూసి, కడిగి, పసుపు రాయడం మొదలుపెట్టింది.

"ఓసి పోలీ! ఎవరికే ఆ పసుపు? వాడు రాజద్రోహి!" అన్నాడు వాకిటి భటుడు.

"గడపకు రాస్తున్నానయ్యా. గడప అన్నది ప్రెగ్గడవారే గదా? రాయొద్దని వారితోనే చెప్పించు."

"దీన్ని తొక్కాలటే!"

"అయితే నువ్వే తొక్కు. మీ అమ్మతో నేను చెబుతాలే."

భటుడు కాలు వెనక్కి తీసుకొన్నాడు. పోలి గుర్రానికీ, కత్తికీ, సేనాని ముఖానికీ కుంకుమబొట్లు పెట్టి లేచింది.

జనం వచ్చారు. ఒక్కొక్కరే వంగి, గడపను తాకి కళ్లకద్దుకొని, దాటి లోపలికి నడిచారు. ప్రెగ్గడ ముఖం కందగడ్డ అయింది. "తొక్కుడు! రాజాజ్ఞ!" అని బయటి నుంచి అరిచాడు. ఎవరూ తొక్కలేదు.

"ప్రెగ్గడా, ముందు మీరే తొక్కి చూపుడు," అన్నాడు రాజు.

ప్రెగ్గడ కాలెత్తాడు. నడక వచ్చిన నాటి నుంచి గడప దాటడమే నేర్చిన కాలు అది. గాలిలో ఒక్క క్షణం ఆగి, అవతల దిగింది. వెనకెవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అప్పుడు జనంలోంచి పోతమ నాయకుని భార్య లక్కసాని ముందుకు వచ్చింది. గొంతులో కోపం లేదు, దుఃఖం లేదు.

"మహారాజా, నాదొక సందేహము. కోటను అమ్ముకొనువాడు గండి పూడ్చునా?"

రాజు తన పాదాల దగ్గరి మన్నును చూశాడు. "పూడ్చడు," అన్నాడు. ఆ మాటతోనే మంత్రిపదవికి గుర్తైన ముద్దుటుంగరాన్ని ప్రెగ్గడ వేలి నుంచి తీయించాడు. "తల్లీ, ఆ ఫలకమును లేపించి కోటవాకిట నిలబెట్టింతును."

"నిలబెట్టినను పడుకోబెట్టినను నాకొకటే ప్రభూ. లేపునప్పుడు గుర్రము కాలు విరగకుండ చూడుడు."

అని లక్కసాని చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తిపట్టి, గడప దాటి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఏమిటీ? ఏడవలేదా అంటావా? లేదు నాన్నా, ఏడవలేదు. ఎందుకో నన్నడిగితే ఏం చెప్పను? జరగండి, దారివ్వండి. చింతపండు సగమే ఒలిచాను, ఎండ పోకముందే తక్కిన గింజలు తీసెయ్యాలి.