మూత తీసే మనిషి

"ఈ బీరు ఎవరు చేశారో నాకు తెలీదు. కానీ రోజూ మూత తీసి చూశారని మాత్రం తెలుస్తోంది."

లోర్నా గారి గరాజ్‌లో మడత కుర్చీలో కూర్చుని, గ్లాసుని వెలుతురుకి పట్టి చూస్తూ అందా అమ్మాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. టోబిన్ చెవులు ఎర్రబడటం వాళ్లకి కనిపించింది కదా మరి. ఆమెకి మాత్రం ఎవరి వైపు చూడాలో తెలీదు, ఆ సంఘానికి రావడం ఆమెకదే మొదటిసారి.

టోబిన్ నోరు మెదపలేదు. మెదపకూడదు. అమెరికాలో యకీమా లోయలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల ఆ సంఘానికి ఉన్న నియమం ఒక్కటే. సీసాకి మేజోడు తొడిగి, ఎవరిదో చెప్పకుండా అందరికీ పోస్తారు. అందరూ తమకి తోచింది చెప్పేదాకా చేసినవాడు నోరు తెరవకూడదు. తిట్టినా, పొగిడినా మింగి కూర్చోవలసిందే.

"వాసన చూడండి, తడిసిన అట్టపెట్టె వాసన," అందామె. "డబుల్ ఐపీఏ అంటే ఘాటు బీరు, హాప్స్ పూలు దండిగా పడాలి. పడ్డాయి, కొసరు కూడా పడింది. ఏం లాభం? గాలి తగిలి అంతా బూడిదలో పోసినట్టయింది. తేనెరంగులో ఉండాల్సింది డికాషన్‌లా తయారైంది."

"ఇంకేమైనా ఉందా అమ్మాయ్?" అడిగింది లోర్నా, నవ్వు ఆపుకుంటూ. పోస్టాఫీసులో రిటైరై ఇప్పుడీ సంఘానికి పెద్దదిక్కయిన మనిషి.

"ఉంది. చేసినవాళ్లకి ఓపిక బొత్తిగా లేదు."

"అయితే నాయనా, ఇక నువ్వు నోరు తెరవచ్చు," అంది లోర్నా టోబిన్ వైపు తిరిగి.

"మూత తీయకపోతే లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు టోబిన్, అప్పటిదాకా మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకి తన్నుకురాగా.

"ఓహో, మీరేనా! తెలీదు. నమ్మి ఊరుకోవాలి."

"ఊరుకోవడం నాకు చేతకాదు."

"గ్లాసులో కనిపిస్తూనే ఉంది."

మళ్లీ నవ్వులు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ టోబిన్ ఆమెని మనసులో చాలాసేపు తిట్టుకున్నాడు. ఇంటికెళ్లాక ఇంకో సీసా తీసి వాసన చూశాడు. అట్టపెట్టె వాసనే. దాంతో ఇంకాస్త ఒళ్లు మండింది.

టోబిన్ కాలువ లస్కరు. వసంతంలో కాలువలకి నీళ్లు వదిలినప్పట్నుంచి అక్టోబర్‌లో కట్టేసేదాకా పికప్ బండిలో గట్ల వెంట తిరుగుతూ, షట్టర్లు ఎత్తుతూ దించుతూ తోటలకి నీళ్లిస్తుంటాడు. మర్నాడు మాక్సీ ఊరి దగ్గర ఆర్మండ్ బూద్రో గారి హాప్స్ తోట షట్టరు ఎత్తడానికి వెళ్తే, రబ్బరు బూట్లు వేసుకుని కాలువలో చెత్త తీస్తూ ఆ అమ్మాయే కనిపించింది.

"మీరిక్కడ?" అన్నాడు.

"ఇది మా నాన్న తోట. నా పేరు ఒడెట్. పోర్ట్‌లాండ్‌లో హాప్స్ పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి, మొన్ననే వచ్చాను." అతని బండి మీద కాలువల ఆఫీసు గుర్తు చూసింది. "అమ్మో, మా నీళ్లు మీ చేతుల్లో ఉన్నాయా? తెలిస్తే నిన్న కాస్త మర్యాదగా మాట్లాడేదాన్ని."

"భయపడకండి, నీళ్లు తగ్గించను. ఓపిక లేనివాడినే గాని, కక్ష కట్టేవాడిని కాను."

ఆమె నవ్వింది. నిన్నటి నవ్వు కాదు. టోబిన్ షట్టరు చక్రం తిప్పాల్సిన దానికంటే రెండు చుట్లు ఎక్కువ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"నేర్పిస్తారా?" అన్నాడు హఠాత్తుగా.

"ఏం నేర్పాలి? బీరు కాయడం మీకు వచ్చుగా."

"ఊరుకోవడం."

మే నెలలో ఒక శనివారం ఒడెట్ అతని షెడ్డుకి వచ్చింది. అప్పటికి 'మీరు' ఎటో పోయి 'నువ్వు' వచ్చేసింది. ఆ లోయలో వాన అరుదు. ఆ రోజు మాత్రం పొద్దున్నే మొదలుపెట్టి, షెడ్డు రేకుల మీద తీరిగ్గా కురుస్తోంది.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నానబెట్టి, తీపి నీరు వడకట్టి పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెట్టారు. మామూలు బీరుకి వేసే బార్లీకి ఒకటిన్నర రెట్లు వేశాడు టోబిన్. ఘాటైన బీరు కదా, దానికి తగ్గట్టు ఉండాలి మరి. ఒడెట్ తనతో తెచ్చిన సంచి విప్పింది. వాళ్ల తోటలోవే, పోయిన కోతలో ఎండబెట్టి చల్లటి గదిలో దాచిన పచ్చటి హాప్స్ పూలు.

"చేతులు చాపు," అంది.

చాపాడు. దోసిట్లో గుప్పెడు పూలు పోసింది.

"నలుపు. గట్టిగా, పసుపు పొడి అంటేదాకా. ఇప్పుడు వాసన చూడు."

"నారింజ తొక్క," అన్నాడు ముక్కు దగ్గర పెట్టుకుని. "పైన్ చెట్టు జిగురు. ఇంకా ఏదో ఉంది... వెల్లుల్లా?"

"వెల్లుల్లి వచ్చిందంటే కోత ఆలస్యమైనట్టు. మా నాన్న అంత ఆలస్యం చేయడే, ఉండు." ఒడెట్ వంగి, అతని రెండు చేతులూ పట్టుకుని, అరచేతుల్లో మొహం పెట్టి గట్టిగా పీల్చింది. హాప్స్ తోటల వాళ్లందరూ అలాగే చూస్తారు. కొనేవాడి చేతుల్లో అమ్మేవాడు మొహం పెట్టడం అక్కడ రోజూ జరిగేదే. ఆ సంగతి టోబిన్‌కి తెలుసు. కాకపోతే వాళ్లెవరి జుట్టూ ఇలా తడిసి లేదు, వాళ్లెవరూ తల ఎత్తి ఇంత దగ్గర్నుంచి చూడలేదు.

"పూలలో వెల్లుల్లి లేదు," అంది ఒడెట్. "నీ చేతులదే. పొద్దున్న ఏం తిన్నావ్?"

"సాసేజ్..."

"టోబిన్! పొయ్యి!"

గిన్నె పాలు పొంగినట్టు పొంగి, పొయ్యి ఆర్పేసి, నేలంతా జిగట చేసింది. ఇద్దరూ కలిసి తుడిచినా గంట పట్టింది. తుడుస్తున్నంతసేపూ ఆమె అతన్ని ఆటపట్టిస్తూనే ఉంది, అతను తప్పంతా సాసేజ్ మీదికి నెడుతూనే ఉన్నాడు.

చివర్న పొయ్యి ఆపే ముందు కొన్ని పూలు, ఆపాక ఇంకా బోలెడు పూలు వేసి, చల్లార్చి, ఈస్ట్ కలిపి డ్రమ్ములో పోశారు. ఒడెట్ మూత బిగించి, దాని చుట్టూ టేపు అంటించి, టేపు మీద తన సంతకం గీకింది.

"పులియడం ఆగే వేళకి నేనే వచ్చి తీసి, మిగతా హాప్స్ వేసి మూసేస్తాను. ఈలోగా సంతకం చిరిగిందో, మళ్లీ నీ మొహం చూడను."

ఆ రోజులు టోబిన్ ఎలా గడిపాడో అతనికే తెలుసు. రోజూ షెడ్డులోకి వెళ్లి డ్రమ్ము పక్కన కూర్చునేవాడు. చెవి ఆనించి బుడగల చప్పుడు వినేవాడు. మూత మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. బీరు పాడవుతుందని కాదు.

జూన్‌లో మేజోడు తొడిగిన ఆ సీసా లోర్నా గరాజ్‌లో చేతులు మారింది. అందరూ గ్లాసుల్లో ముక్కులు పెట్టేశారు. నారింజ, పైన్, తర్వాత నాలుక మీద చేదు, ఆ తర్వాత నెమ్మదిగా గుండెల్లోకి దిగే వేడి.

"ఒక్క గ్లాసు తాగితే ఇంటికి బండి నడిపే పనే లేదర్రా," అంది లోర్నా, రెండోసారి గ్లాసు చాపుతూ.

ఒడెట్ వంతు వచ్చింది. "చేసినవాడికి ఓపిక వచ్చింది," అంది, టోబిన్ వైపు చూడకుండా.

అదే సాయంత్రం గరాజ్ బయట ఆమె అసలు సంగతి చెప్పింది. "అక్టోబర్‌లో న్యూజిలాండ్ వెళ్తున్నాను. నెల్సన్ దగ్గర హాప్స్ తోటల్లో ఆరు నెలల పని. ఇక్కడ చలికాలమైతే అక్కడ పంటకాలం కదా. నచ్చితే ఉండిపొమ్మంటున్నారు."

టోబిన్ బండి తాళాలు చేతిలో తిప్పుకున్నాడు. "మంచిదే కదా," అన్నాడు.

అంతకంటే తెలివితక్కువ మాట అతను జన్మలో అనలేదు. ఒడెట్ అతని వైపు తిరిగింది.

"అంతేనా?"

"అంటే... కంగ్రాచ్యులేషన్స్."

"థాంక్స్," అని ఆమె బండెక్కింది.

ఆ బీరులో మిగిలింది ఒకటే సీసా. టోబిన్ దాన్ని తువ్వాల్లో చుట్టి పికప్‌లో పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు. వెళ్లకు అనడానికి తనెవరు? కానీ నువ్వంటే నాకిష్టం అని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సరైన సమయం చూసి ఆ సీసా తెరిచి, ఇద్దరూ తాగుతూ ఉండగా చెప్పేయాలి. ఎప్పుడు అవకాశం వస్తుందో ఏమో, దగ్గరే ఉండటం మంచిదనుకున్నాడు. లోర్నా నేలమాళిగలో నల్లటి ఘాటు బీర్లు ఏళ్ల తరబడి ఊరగాయలా ఊరుతున్నాయి. ఇదీ ఘాటైనదే కదా, ఆగుతుందిలే అనుకున్నాడు.

అవకాశాలు రాకపోలేదు. హాప్స్ తీగలు తాళ్ల పైదాకా పాకిన రోజు ఒడెట్ అతన్ని తోటలో నడిపించింది. ఎవరూ లేరు. చెబుదామనుకుంటే ఆమె బూటులో రాయి దూరింది. ఇంకోరోజు కాలువ గట్టు మీద శాండ్‌విచ్ పంచుకున్నారు. చెబుదామనుకుంటే ఆర్మండ్ గారు ట్రాక్టరు మీద వచ్చారు.

"ఏమయ్యా లస్కరూ," అన్నాడు పెద్దాయన ఇంజను ఆపకుండానే. "ముప్పై ఏళ్లుగా ఈ కాలువ కింద వ్యవసాయం చేస్తున్నాను. షట్టరు వారానికోసారి చూసి పోయేవాళ్లు. నువ్వేంటి, పొద్దునా సాయంత్రం వస్తున్నావ్? అది ఎక్కడికైనా పారిపోతుందనా?"

"తుప్పు పట్టిందండీ. కాస్త గమనించుకోవాలి."

"ఆహా. తుప్పు." పెద్దాయన కూతురి వైపు చూశాడు. ఆమె కాలువలోకి చూస్తోంది.

కోతలు వచ్చాయి. ఒడెట్ రాత్రింబవళ్లు పూలు ఎండబెట్టే కొట్టంలోనే ఉండిపోయింది. లోయంతా హాప్స్ వాసన కమ్ముకుంది. టోబిన్ బండి ఆపి కొట్టం గుమ్మందాకా వెళ్లడం, నిద్రలేక కళ్లు ఎర్రబడిన ఆ పిల్లని చూసి ఇప్పుడు కాదులే అని వెనక్కి రావడం. ఎండాకాలమంతా అలాగే నడిచింది.

అక్టోబర్‌లో కాలువలు కట్టేశారు. ఆ మర్నాడే ఒడెట్ ప్రయాణం. మధ్యాహ్నం టోబిన్ తువ్వాలు చుట్టిన సీసా పట్టుకుని బూద్రో గారి ఇంటికి వెళ్లాడు. వంటింట్లో ఒడెట్ పెట్టె సర్దుతోంది. ఆర్మండ్ గారు కాఫీ తాగుతున్నారు.

"మన బీరు," అన్నాడు టోబిన్. "ఆఖరిది."

ఒడెట్ మొహం వెలిగింది. "ఇంకా ఉందా! నాకు చెప్పలేదేం?" గబగబా గ్లాసులు తెచ్చి పోసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. ఒక గుక్క తాగింది.

టోబిన్ ఏదో అనబోయాడు.

"ఊఁ," అంది ఆమె, వేలెత్తి. "నియమం తెలుసుగా. నేను చెప్పేదాకా నోరు తెరవకు. నారింజ లేదు. పైన్ లేదు. ఉత్త పాకం వాసన, కింద తడిసిన అట్ట. ఎక్కడ పెట్టావ్ దీన్ని? తల ఊపు చాలు. ఫ్రిజ్‌లోనా?"

అడ్డంగా ఊపాడు.

"నేలమాళిగలోనా? కాదా? మరి?"

టోబిన్ కిటికీలోంచి బయట ఆగి ఉన్న పికప్‌ని చూపించాడు.

"బండిలోనా? ఎండాకాలమంతా? ఎంత ఘాటుగా కాస్తేనేం, హాప్స్ బీరు దాచుకునేది కాదు టోబిన్, తాజాగా తాగేయాల్సింది! ఎవరైనా..." ఆమె ఆగింది. అతని మొహం చూసింది. గొంతు తగ్గింది. "ఎందుకు?"

అతను నోరు తెరవలేదు.

"నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇప్పుడు నీ వంతు."

"ఎప్పుడు అవకాశం వస్తుందోనని దగ్గర పెట్టుకు తిరిగాను," అన్నాడు టోబిన్. మొదలయ్యాక మాటలు షట్టరు ఎత్తినట్టే వచ్చాయి. "నువ్వంటే నాకిష్టం ఒడెట్. నా చేతుల్లో మొహం పెట్టి వెల్లుల్లి వెతికావే, ఆ రోజు నుంచి. నువ్వు వెళ్తానంటే మంచిదే కదా అన్నాను. ఏం మంచిది, నా తలకాయ! ఆగమని అడగను. నీకు ఆ పని కావాలి, తెలుసు. కానీ చెప్పకుండా పంపించలేను."

ఒడెట్ కళ్లలో నీళ్లు తిరిగాయి, మాట మాత్రం కోపంగానే వచ్చింది.

"తీయకూడని మూత రోజూ తీశావు. తీయాల్సిన మూత బండిలో పెట్టుకుని ఊరంతా తిరిగావు. జూన్‌లో అంతేనా అని అడిగాను కదా నిన్ను! ఎందుకు అడిగాననుకున్నావ్?"

"తెలీలేదు."

"కాలువలు కట్టేశారు. వసంతందాకా నీకు పనేముంది?"

"ఏమీ లేదు."

"పాస్‌పోర్ట్ ఉందా?"

"ఉంది."

"నీకెందుకు పాస్‌పోర్ట్? సియాటిల్ దాటి ఎప్పుడైనా వెళ్లావా? ఎప్పుడు తీసుకున్నావ్?"

టోబిన్ చెవులు ఎర్రబడ్డాయి. "జూన్‌లోనే అప్లై చేశాను. నువ్వు చెప్పిన మర్నాడు."

ఒడెట్ గ్లాసు బల్ల మీద పెట్టి, వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని, అరచేతుల్లో మొహం దాచుకుంది. ఈసారి వాసన చూడటానికి కాదు. చాలాసేపు తల ఎత్తలేదు.

"వారంలో నువ్వూ అక్కడికి వచ్చేయ్," అంది అలాగే ఉండి. "వసంతంలో కాలువలు తెరిచేలోగా ఇద్దరం వచ్చేద్దాం. వాళ్లు ఉండిపొమ్మంటే, మా ఇంటి దగ్గర షట్టరు తుప్పు పట్టిందని చెప్తాను."

పక్కనే కూర్చున్న పెద్దాయన కాఫీ కప్పు పక్కన పెట్టి, కూతురి గ్లాసు అందుకుని ఓ గుక్క తాగాడు. మొహం చిట్లించాడు. మింగడానికి కష్టపడ్డాడు.

"ఇంత దరిద్రమైన బీరు తాగాక కూడా నా కూతురు ఒప్పుకుందంటే," అన్నాడు మూతి తుడుచుకుంటూ, "ఇక నేను చెప్పేదేముందయ్యా. కూర్చో, భోంచేసి వెళ్దువుగాని."