కిటికీలో నీలం మొహం

ఆ వీధి చివరి ఇంటి పేరెత్తితే ఇప్పటికీ జనం గొంతు తగ్గించి మాట్లాడతారు.

పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ ఉండదు, పాపం. పెచ్చులూడిన గోడలు, తుప్పుపట్టిన ఊచల కిటికీ, వెనకవైపు గడియ ఊడిన తలుపు. అన్నదమ్ములు వాటాలు తెగక వదిలేసిన కొంప. దాని అసలు సంగతి రాత్రిళ్ళే. వీధి సద్దుమణిగాక ఆ కిటికీ వెనక ఒక మొహం కనిపిస్తుందట... ఒట్టి మొహమే, కింద ఒళ్ళుండదట... నీలంగా, కిందికి వంగి, తనలో తనే ఏదో గొణుక్కుంటూ ఉంటుందట.

మొదట చూసినవాడు ఇస్త్రీ బండి ఆయన. చూసినవాడు చూసినట్టు వెళ్ళిపోక, "ఎవరదీ?" అన్నాడు. మొహం పైకి లేవలేదు. "ఇంకొక్కటి... ఇదే ఆఖరు..." అని మాత్రం వినపడింది. ఆయన చెప్పులు అక్కడే వదిలేసి ఇంట్లో పడ్డాడు. జ్వరం పట్టుకుని వారం దాకా లేవలేదు. ఇంకొక్కటంటే ఇంకొక్క ప్రాణమేనని, అది ఎవరిదోనని వీధి వీధంతా హడలి చచ్చింది.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. ఆ మొహం దెయ్యానిది కాదు — మేస్త్రిది.

మేస్త్రి అంటే రొట్టెల బట్టీలో మేస్త్రి. రాత్రి పని. భోజనం అవగానే బట్టీకి వెళ్తున్నానని బయల్దేరేవాడు. తిన్నగా ఆ ఇంటి వెనక తలుపులోంచి దూరి, పని వేళ అయ్యేదాకా చీకట్లో కూర్చుని ఫోన్లో పేకాడేవాడు. సొంత ఇల్లు ఒక్క గదే. అందులో భార్య ఉంటుంది, కోడినిద్ర పోయే తల్లి ఉంటుంది. ఇక్కడైతే అడిగే దిక్కు లేదు. పైగా దెయ్యమన్న పుకారు పుట్టాక అటువైపు చూసే నాథుడే లేకపోయాడు. అదీ ఆయనకి కలిసొచ్చింది.

మిగతాదేమీ కలిసిరాలేదు. జీతం పోయింది. పోయింది రాబట్టుకోవాలని వడ్డీకి తెచ్చాడు, అదీ పోయింది. ఆ వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు. పీకలదాకా వచ్చాక భార్య కుట్టుమిషను మోసుకెళ్ళి వడ్డీవ్యాపారి దగ్గర తాకట్టు పెట్టి, రిపేరుకిచ్చానని ఇంట్లో చెప్పాడు. ఆమె ఊరుకునే మనిషా? రిపేరు షాపుకే వెళ్ళింది. ఏ మిషనమ్మా, అన్నాడు షాపువాడు.

ఆ రాత్రి మేస్త్రి అన్నీ కక్కేశాడు. ఆఖర్న, "ఆ ఇంట్లో దెయ్యం... నేనే," అన్నాడు. అంత ఏడుపులోనూ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వాక మళ్ళీ ఏడ్చింది.

మర్నాడు బట్టీ యజమాని దగ్గరికి తనే వెళ్ళింది. ఇకనుంచి జీతం నా చేతికివ్వండి, ఆయన చేతికొద్దు అని చెప్పేసింది. ఫోన్ లాక్కుని తన దగ్గర పెట్టుకుంది. వాయిదాలన్నీ అందులోంచే కట్టాలి మరి. ఆయనకి మాట్లాడటానికి తప్ప దేనికీ పనికిరాని బటన్ల ఫోన్ కొనిచ్చింది. వీధిలో తెలిస్తే పరువు పోతుందని, అత్తగారికి తెలిస్తే ఆవిడ గుండె ఆగిపోతుందని, మొగుడూ పెళ్ళాం గప్‌చిప్‌గా ఉండిపోయారు. దెయ్యాన్ని దెయ్యంగానే ఉండనిచ్చారు. వాళ్ళు చేసిన పొరపాటు అదే.

మానేయడమంటే మాటలా? బట్టీ ముందు ఊరికే నిలబడితే చాలు, వేళ్ళు దురద పెట్టేవి. పక్కవాడి జేబులో ఫోన్ ఉంటే కళ్ళు అటే పోయేవి. అందుకని మేస్త్రి తనంతట తనే పిండి పిసికే పనికి దిగాడు. మోచేతుల దాకా పిండి అంటుకున్నవాడు ఫోనెలా పట్టుకుంటాడు? మేస్త్రికి ఈ ఖర్మేంటని కూలీలు నవ్వారు. నవ్వనిచ్చాడు. అలా నెలలు గడిచాయి. వాయిదాలు ఒక్కొక్కటే తీరాయి. చివరికి ఒక్కటి మిగిలింది. తెల్లారితే అది కట్టేసి మిషను ఇంటికి తెచ్చుకోవడమే.

ఆ రాత్రే బట్టీ పొగగొట్టం పూడుకుపోయింది. లోపలంతా పొగ కమ్మేస్తే యజమాని అందరినీ ఇళ్ళకి పొమ్మన్నాడు. మేస్త్రి చేతులు కూడా కడుక్కోకుండా బయల్దేరాడు. మిషను గోడవార పెట్టాలా, తలుపు పక్కన వెలుతురులో పెట్టాలా అని ఆలోచించుకుంటూ నడుస్తున్నాడు. బట్టీ వైపు నుంచి వస్తే మొదట తగిలేది ఆ చివరి ఇల్లే.

కాళ్ళు ఆగిపోయాయి.

కిటికీ వెనక మొహం ఉంది. నీలంగా... కిందికి వంగి...

లోకంలో ఆ దెయ్యానికి భయపడక్కర్లేని మగాడంటూ ఉంటే మేస్త్రి ఒక్కడే. కానీ తను ఇక్కడ, వీధిలో నిలబడి ఉన్నాడే... మరి అక్కడ కూర్చున్నదెవరు? చెంప తడుముకున్నాడు. చేతికున్న పిండి చెంపకి అంటింది. తను తనే.

పారిపోదామనిపించింది. పారిపోతే ఇక జన్మలో ఈ ఇంటి ముందు నుంచి నడవలేననీ అనిపించింది. మానేశాననుకుంటున్న తను ఒట్టి నీడేమో... అసలు మనిషి ఇంకా లోపలే ఉండిపోయాడేమో...

వెనకవైపుకి వెళ్ళి తలుపు తోశాడు. అలవాటైన చీకటి. గచ్చు ఎక్కడ పగిలిందో, గడప ఎక్కడ ఎత్తో పాదాలకి తెలుసు. గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేశాడు. గొణుగుడు దగ్గరైంది.

"ఇంకొక్కటి... ఇదే ఆఖరు..."

అవే మాటలు. "ఎవరూ..." అన్నాడు మేస్త్రి.

మొహం పైకి లేవలేదు.

"ఉండు... ఈ ఒక్క ఆటా అయిపోనీ."

ఆడగొంతు. రోజూ వినే గొంతు...

ఆ ఇంట్లో దెయ్యం లేదని తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండో మనిషి, ఆయన భార్య, కిటికీ పక్కన విరిగిన బల్ల మీద కూర్చుని, ఆయన పాత ఫోన్ రెండు చేతులా పట్టుకుని ఉంది.

చూపు తిప్పకుండానే చెప్పింది, ఆగి ఆగి. వాయిదా కట్టడానికి ఫోన్ తీసినప్పుడల్లా ఆ ఆట తెర మీద పిలిచేదట, ఊరికే డబ్బిస్తాం, ఒక్కసారి వచ్చి ఆడమని. ఒకసారి నొక్కింది. గెలిచింది. ఇలాగే ఇంకొంచెం వస్తే మిషను తొందరగా ఇంటికొస్తుంది కదా అనుకుంది. తర్వాత గెలవలేదు. ఇవాళ ఆఖరి వాయిదా డబ్బు కూడా అందులోకి దిగింది.

"సగం వచ్చేసిందండీ," అంది. "మిగతాది తెల్లారేలోగా రాబడతాను. మిమ్మల్ని అన్నేసి మాటలన్న నోటితో... మీకెలా చెప్పను?"

మేస్త్రి ఫోన్ లాక్కుందామని వంగాడు. వంగినవాడి కళ్ళు తెర మీద పడ్డాయి. ఎన్ని నెలలకి... వరసగా ముక్కలు... ఆమె వేలు ఇస్పేటు రాణి మీదికి వెళ్తోంది.

"అది కొట్టకు," అన్నాడు. "జాకీ వస్తుంది."

అన్నాక తన మాట తనకి వినపడింది. ఆమె అప్పుడు తలెత్తి చూసింది. ఆయన పిండి వేలు అప్పటికే తెర మీద ఉంది. మేస్త్రికి పుట్టి బుద్ధెరిగాక అంత భయం వేయలేదు. ఇంకో క్షణం అక్కడే ఉంటే ఇద్దరిలో ఎవరూ లేవరు. ఆమెని లేపే బలం తనకి లేదు, తనని లేపే బలం ఆమెకి లేదు.

కిటికీ ఊచలు పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"ఇస్త్రీ అన్నా! ఎవరైనా రండి... దెయ్యం లేదు, నేనే! మమ్మల్ని బయటికి లాగండి!"

వీధిలో దీపాలు వెలిగాయి. వెలిగినవి వెలిగినట్టే ఆరిపోయాయి. లోపల్నుంచి గడియలు పడ్డాయి, ఒకదాని తర్వాత ఒకటి. ఇన్నాళ్ళూ గొణుక్కుంటూ కూర్చున్న దెయ్యం ఇవాళ ఎలుగెత్తి పిలుస్తుంటే ఎవడొస్తాడు? ఇస్త్రీ ఆయనైతే మంచం కింద దూరాడని తర్వాత తెలిసింది.

మేస్త్రి గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. ఆమె చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంది.

అప్పుడు... వెనక తలుపు కిర్రుమంది.

ఎవరో తడుముకుంటూ వస్తున్నారు... చెప్పుల్లేని పాదాలు... ఆయాసం... మేస్త్రి అరుపు ఆపి అటు తిరిగాడు. ఫోన్ వెలుగులోకి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చింది. అది ఆమె వేళ్ళు విడదీసి, ఫోన్ తీసుకుని, బల్ల మీద బోర్లా పెట్టింది. గదంతా చీకటైంది.

"రోజూ తలుపు చప్పుడు వింటూనే ఉన్నానే అమ్మాయ్," అంది మేస్త్రి తల్లి. "నువ్వు వెళ్ళడం విన్నాను. అంతకుముందు వీడు పని వేళ కాకముందే వెళ్ళడం చూశాను. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను."

కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. మేస్త్రికి ఏడవడానికి కూడా గొంతు లేదు. ఆవిడ వాళ్ళిద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది. "మొత్తం ఎంత పోయిందర్రా?"