యానాంలో అసలైన టామ్ యమ్

"నీ పిస్టల్ కాదు లూయిస్, నీ నాలుక కావాలి."

చీఫ్ ఉమామహేశ్వరం ఒక ఫోటో ముందుకు తోశారు. సన్నటి మనిషి, ఖరీదైన కళ్ళద్దాలు. కోడ్ నేమ్ ఆర్కిడ్. విదేశీ ముఠా ఏజెంటు.

"మన తీరం రాడార్ల ఫ్రీక్వెన్సీలు ఎవడో వీడికి అమ్ముతున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం, యానాంలో. దొరికిన మెసేజ్‌లో ఒకటే ముక్క ఉంది: 'అసలైన థాయ్ తిండి దొరికే చోట.'"

"యానాంలో థాయా సార్?"

"రొయ్యల రైతులు బ్యాంకాక్ టూర్లు వెళ్ళొచ్చాక బోర్డులు లేచాయి. నువ్వు బ్యాంకాక్‌లో పనిచేసినవాడివి. అసలుదేదో కనిపెట్టు. మన మనిషి ఒకరు ఆ ముఠాలో ఉన్నారు. 'పోటు ఎప్పుడు?' అని, అలల సంగతి అడిగినట్టు అడుగు. 'తిరిగిపోయింది' అంటే మనవాళ్ళే."

లూయిస్ రొయ్యల మేత సేల్స్‌మన్ వేషంలో యానాంలో దిగాడు. చొక్కా గుండీలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్.

రేవు దారిలోని మొదటి హోటల్లో గ్రీన్ కర్రీ వచ్చింది. పాలకూర ముద్ద మీద కొబ్బరినూనె తేలుతోంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రుమాల్లోకి ఉమ్మేశాడు.

రెండోచోట ప్యాడ్ థాయ్ నూడుల్స్. టమాటా సాసులో మునిగిన సేమ్యా.

"ఇది థాయేనా?" అన్నాడు.

"ఆయ్, థాయేనండి! సాసు దండిగా ఏసేం. ఇంకొంచెం ఏయమంటారా?" అన్నాడు సర్వర్ ఆప్యాయంగా.

దరియాలతిప్ప దారిలోని మూడోచోట సూప్‌లో రొయ్య కంపు కొడుతోంది. నల్లటి పేగు కూడా తీయలేదు. లూయిస్ పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాడు. దేశం కోసం బుల్లెట్ తిన్నాడు కానీ, ఇంత రోత ఎప్పుడూ ఎదురుకాలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి బోర్డులన్నీ అయిపోయాయి. కడుపు పట్టుకుని అగ్రహారం మీదుగా ఆటోలో వస్తుంటే గాలిలో ఒక వాసన తగిలింది. నిమ్మగడ్డి, పచ్చి కొబ్బరిపాలు, వేయించిన మిరప. అచ్చం బ్యాంకాక్ సందులో వచ్చే వాసన.

"ఆపు!"

బోర్డు లేని మేడ. లోపల చల్లటి ఏసీ, నాలుగే బల్లలు. మూలబల్ల దగ్గర ఆర్కిడ్ కూర్చున్నాడు. అతని ఎదురుగా, అనుమానితుల ఫోటోల్లో చూసిన రాడార్ స్టేషన్ ఇంజనీర్ ప్రవీణ్, ముందు తెరిచిన ల్యాప్‌టాప్. దేశాన్ని అమ్ముతూ కూడా ప్రవీణ్ నాప్కిన్‌తో మూతి ఎంత నాజూగ్గా తుడుచుకుంటున్నాడో! లూయిస్ పక్కబల్ల దగ్గర కూర్చున్నాడు.

ఎర్రటి సిల్కు చీర, కోసగా దిద్దిన కళ్ళు. ఆ హోటల్ యజమానురాలు తెరేసా పొగలు కక్కే టామ్ యమ్ సూప్ గిన్నె తెచ్చి లూయిస్ ముందు పెట్టింది.

"పోటు ఎప్పుడండీ?" అన్నాడు లూయిస్.

ఆమె చెంచా సర్దుతూ వంగింది. "తిరిగిపోయింది. తాగకండి. మిమ్మల్ని గుర్తుపట్టేసేరు. విషం నాచేతే కలిపించేరండి."

లూయిస్ గిన్నెలోకి చూశాడు. ఎర్రటి నూనెచుక్కలు, నిమ్మాకులు, గోదావరి రొయ్య. ఎన్ని రోతలు మింగితే దొరికింది ఇది!

"ఫైల్ వెళ్ళిపోతంది. ఇంకాస్తే," అంది తెరేసా.

ఆర్కిడ్ చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. లూయిస్ గిన్నె ఎత్తి ల్యాప్‌టాప్ మీదికి విసిరాడు. తొంభైతొమ్మిది శాతం చూపిస్తున్న తెర చిటపటలాడి నల్లబడింది. మరుక్షణం తెరేసా సూప్ తెచ్చిన ఇత్తడి పళ్ళెం ఆర్కిడ్ మణికట్టు మీద పడింది. పిస్టల్ బల్లకిందికి దొర్లింది.

ప్రవీణ్ చేతులెత్తాడు. "నేను... ఊరికే లంచ్‌కి వచ్చేనండి."

"ఛీ! ముందు మూతి తుడుచుకో," అన్నాడు లూయిస్, బేడీలు తీస్తూ.

సాయంత్రానికి ఆ మేడకి సీలు పడింది. తెరేసాని రక్షణ కోసం ఢిల్లీ విమానం ఎక్కించారు. చీఫ్ ఫోన్ చేశారు.

"శభాష్! మొత్తానికి యానాంలో మంచి థాయ్ దొరికిందన్నమాట. రుచి ఎలా ఉంది?"

లూయిస్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ల్యాప్‌టాప్‌ని అడగాలి సార్."