ఊఁ కొట్టే బాడవ

పినపాక అవతల, అడవి అంచున ఒక బాడవ ఉంది, ఏడాదంతా నీళ్ళు నిలిచే పల్లపు నేల. చీకటి పడ్డాక అక్కడ ఎవరేం మాట్లాడినా జమ్ము గడ్డిలోంచి ఏదో "ఊఁ..." అంటుందట! అందుకే చెబుతున్నా, ఈ ఒక్క కథకు మాత్రం మీరెవరూ ఊఁ కొట్టకండి. రాముణ్ణి తలుచుకుని ఊరికే వినండి.

ఫారెస్టువాళ్ళు ఆ బాడవలో తుంగ పరక కూడా కోయనివ్వరు. పశువులు మేస్తే మాత్రం ఏమీ అనరు. ఊళ్ళో పద్మప్రియ అనే ఆవిడ అట్లా మేతకు తోలిన గేదె ఓనాడు పొద్దుగూకినా ఇల్లు చేరలేదు. అసలే నిండు చూడిది. నీళ్ళలో ఈనిందా, దూడ దక్కదు.

మొగుడు ఉదయ్ భాస్కర్‌ చేతికి టార్చి ఇచ్చి, వెంటబెట్టుకుని బయల్దేరింది పద్మప్రియ. ఆయనకి ఊరన్నా, ఊరి భయాలన్నా వెటకారం. దేవుడికి కూడా ఒంటిచేత్తో దండం పెట్టే మహానుభావుడు!

గట్టు మీద పసులకాపరి పగిడయ్య ఎదురొచ్చాడు.

"అయ్యా, లోపలికి పోయినంక నోరు తెరవకుండ్రి. ఏమన్నా ఊఁ అంటది."

"మీ సోది వినే నాథుడు దెయ్యం ఒక్కటేనన్నమాట!" అని నవ్వుతూ దిగాడు ఉదయ్ భాస్కర్.

మోకాల్లోతు నీళ్ళు. కాళ్ళకు గుర్రపుడెక్క చుట్టుకుంటోంది... నీటికోళ్ళు ఒక్కసారి రెక్కలు కొట్టుకుని సద్దుమణిగాయి. కప్పలు కూడా ఆగిపోయాయి.

"ఏవండీ... మెల్లగా," గుసగుసగా అంది పద్మప్రియ.

"నోర్ముయ్! ఏయ్ దెయ్యమా, ఉన్నావా?"

"ఊఁ..."

"న... నన్ను మింగుతావా?"

"ఊఁ... ఊఁ..."

అంతే! వీరుడు పెళ్ళాన్నీ, టార్చినీ వదిలేసి గట్టు మీద తేలాడు. లుంగీ గుర్రపుడెక్కకే దక్కింది.

పద్మప్రియ కదల్లేదు. ఇద్దరిని కన్న మనిషి — ఆ మూలుగు ఆమెకు కొత్త కాదు. మొగుడు వదిలేసిన టార్చి అందుకుని, జమ్ము చీల్చుకుని వెలుగు వేసింది.

గేదె! దూడ ముందుకాళ్ళు బయటికొచ్చి ఆగిపోయాయి. "రామా, నీదే భారం," అంటూ రెండు చేతులా పట్టి లాగింది... జారిపడిన దూడను నీళ్ళు తాగనివ్వకుండా మిట్ట మీదికి ఈడ్చింది. గేదె వెనకే వచ్చింది.

దూడ అరుపు విని మొగుడు డ్రాయరు మీదే తిరిగొచ్చాడు.

"చూశావా? దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు!"

"మీరు చెబితే కాదంటానా? చీకట్లో సొంత గేదెకి దడుసుకుని పారిపోయింది పక్కింటాయన కదూ!"

"నేనా? నేను భయపడ్డానా?" అని రొమ్ము విరిచాడు.

గేదె చప్పుడు లేకుండా దూడను నాకుతోంది.

వాళ్ళ వీపుల వెనక, జమ్ములోంచి, తీరిగ్గా —

"ఊఁ..."